తోడల్లుళ్ళ ఇంజన్లు

పార్సన్స్ రిడ్జ్, నార్త్ కరోలినా
జూన్ 12, 1966

ప్రియమైన ఓపల్,

కార్లైల్ తలకు ఎన్ని కుట్లు పడ్డాయో రాయి. ఫోనులో అడగలేను. మా లైను మీద ఆరిళ్ళున్నాయి, గంట మోగితే నాకన్నా ముందు మిసెస్ క్రంప్ ఎత్తి వింటుంది. నేను మీ ఇంటికి రాలేను, నువ్వు మా గుమ్మం తొక్కలేవు. ఇక మిగిలింది ఉత్తరమే.

నిన్న నువ్వు రేసు ట్రాక్‌కు రాకపోవడం మంచిదయింది. కార్లైల్ నీకు ఒకలా చెప్పి ఉంటాడు. మీ హోయిట్ బావ ఊరందరికీ ఇంకోలా చెబుతున్నాడు. నేను చూసింది చూసినట్టు రాస్తాను.

చివరి చుట్టు దాకా హోయిటే ముందున్నాడు. రాయి తగిలి ఇంజన్ కింది నూనె పాత్ర పగిలింది, నూనె అంతా కారిపోయి నాలుగో మలుపులో ఇంజన్ పట్టేసింది. నీ మొగుడు తన షెవర్లేతో వెనక నుంచి గుద్ది, మా ఫోర్డ్‌ను గోడకేసి నొక్కి, దాటిపోయి గెలిచాడు. మా కారు గోడను రాసుకుంటూ ఆ ఊపు మీదే గీత దాటి రెండోదిగా ఆగింది. అంతటితో అయిపోయేదే. కాని కార్లైల్ నడుచుకుంటూ వచ్చి, పొగలు కక్కుతున్న మా బానెట్ మీద చరిచి, "అన్నా, ఫోర్డ్ తోలేవాడు నడక కూడా అలవాటు చేసుకోవాలి" అన్నాడు. టైర్లు విప్పే ఇనుప రాడ్ హోయిట్ చేతికి ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. అది కార్లైల్ తల మీద పడడం మాత్రం చూశాను. కార్లైల్ పడిపోయి, లేచి, జాకీ పిడితో హోయిట్ డొక్కలో కొట్టాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. ఆ ట్రాక్ ఎర్రమట్టి మీద రక్తం రంగు తెలియదు ఓపల్, తడి మాత్రమే తెలుస్తుంది.

ఆ తరువాత హోయిట్ చేసిన పని ఇంకా ఘోరం. ఆ ట్రాక్ కట్టుబాటు నీకు తెలుసు కదా. రేసు పూర్తి చేసినవాడెవడైనా ఐదు వందల డాలర్లు పెట్టి, గెలిచినవాడి ఇంజన్‌ను అడిగి తీసుకోవచ్చు. అలా అడిగేవాడు ముందు తన బానెట్ ఎత్తి చూపాలి. గెలిచినవాడు ఇవ్వనంటే గెలుపూ పోతుంది, ఏడాది పాటు ట్రాక్ గడప కూడా తొక్కకూడదు. హోయిట్ డొక్క పట్టుకుని తన బానెట్ ఎత్తాడు. కొత్త ఇంజన్ కోసం నేను కూడబెట్టిన డబ్బు తీసి ట్రాక్ యజమాని గేథర్ ముందు పడేశాడు.

"నీకు షెవర్లే దేనికి హోయిట్?" అన్నాడు గేథర్.

"నాకు అక్కర్లేదు. వాడికి లేకుండా పోవాలి."

వచ్చే ఆదివారం చర్చి అయ్యాక ఆ ఇంజన్‌ను మా పెరట్లో గొలుసుతో వేలాడదీసి, మా అత్తింటి యాబ్‌షర్ వాళ్ళంతా తుపాకులతో కాలుస్తారట. ఇరవై మందికి చిక్కుళ్ళూ మొక్కజొన్న రొట్టె చేయమని నాకు చెప్పారు.

కట్లు కట్టడానికి నీలిపూల దుప్పటి చించాను. అమ్మ ఇచ్చినది. మనిద్దరం ఒకరి మొగుడి చేతిలో ఒకరి మొగుణ్ణి పోగొట్టుకోకుండా ఈ ఎండాకాలం దాటితే చాలు. నాకు ఇంకేమీ వద్దు.

నీ మీద ఏ కోపమూ లేని
అక్క, వెర్లీన్


హెన్రీస్ హాలో
జూన్ 17

ప్రియమైన అక్కా,

తొమ్మిది కుట్లు. డాక్టరు కుట్టినంతసేపూ ఈయన "నా ఇంజన్" అంటూనే ఉన్నాడు. తల మీద ఒక్క మాట కూడా లేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి నా వంటింటి కుర్చీలు మూడు విరగ్గొట్టాడు. నాలుగోదాని మీద నేను కూర్చుని ఉన్నాను కాబట్టి అది మిగిలింది. తుపాకీ మంచం పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడు. తూటాలు నేను పిండి డబ్బాలో దాచాను. కాబట్టి ఈ వారం మీ ఇంటి మీదికి ఎవరైనా వస్తే ఒట్టి తుపాకీతో వస్తారని తెలుసుకో. బావకు మాత్రం ఈ సంగతి చెప్పకు. మిల్లు వంతెన మీదుగా వెళ్ళొద్దని చెప్పు, అంతే.

అక్కా, నువ్వు ప్రతిదీ కొలిచి, తూచి చేసే మనిషివి. నిన్నే అడుగుతున్నాను. ఆ రెండు ఇంజన్లకూ అసలు తేడా ఏమిటి? రెండూ ఇనుమే. రెండింటికీ పిస్టన్లు ఆడే గొట్టాలు ఎనిమిదేసే. ఎంత పెద్దవి ఉండాలో గేథర్ అందరికీ ఒకే కొలత పెట్టాడు. పెళ్ళికి ముందు నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు బావ చొక్కాలు ఉతికాను, ఇప్పుడు ఈయనవి ఉతుకుతున్నాను. మురికి ఒకటే, వాసన ఒకటే, వదలకపోవడంలోనూ ఒకటే. ఈ మాట అంటే ఈయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఫోర్డ్ దగ్గుతుందే. షెవర్లే పాడుతుంది. చెవులుంటే తెలుస్తుంది" అన్నాడు. నాకు రెండూ అరుపుల్లాగే ఉంటాయి.

నిజంగానే కాల్చేస్తారా దాన్ని? తెలిస్తే ఈయన ఏమవుతాడో అని భయంగా ఉంది.

నీ ఓపల్


పార్సన్స్ రిడ్జ్
జూలై 10

ప్రియమైన ఓపల్,

కాల్చారు. షెవర్లే ఇంజన్లకుండే ఆ నారింజ రంగుతో అది గొలుసుకు వేలాడుతుంటే వంతులు వేసుకుని మరీ కాల్చారు. ఒక తూటా ఇనుముకు తగిలి వెనక్కి తిరిగి హోయిట్ పెదనాన్న కొడుకు పిక్కలో దిగింది. పచ్చళ్ళ సీసాలు తీసే పట్టకారుతో నేనే దాన్ని లాగాను. ఆయన అరుస్తూనే, "షెవర్లే కదా, చచ్చాక కూడా కరుస్తుంది" అంటే అందరూ నవ్వారు. దానికి తెల్లదుప్పటి సగం పోయింది.

హోయిట్ మళ్ళీ ఇంజన్ కట్టుకున్నాడు. బానెట్‌కు గొలుసు చుట్టి తాళం వేశాడు. తాళంచెవి మెడలో ఉంటుంది, స్నానానికి వెళ్ళినా తీయడు. గెలుస్తూనే ఉన్నాడు, నువ్వూ వినే ఉంటావు. ఫోర్డంటే ఇదీ అని మా వాళ్ళు ఊరేగుతున్నారు.

నాకు అర్థం కానిది ఒకటుంది. కార్లైల్ కూడా కొత్త ఇంజన్‌తో వచ్చాడు కదా. అంతకు ముందు వీళ్ళిద్దరూ ఒకరినొకరు దాటాలని చూసేవాళ్ళు. ఇప్పుడు దాటడం లేదట. కార్ల ముక్కుల మీదే గుద్దుకుంటున్నారట. పోయిన శనివారం కార్లైల్ ముందుకు వెళ్ళే వీలుండి కూడా ఆగి, వెనక్కి తిప్పి, మా కారు ముందు భాగం మీదికి ఎక్కించబోయాడట. దానికి ముందు వారం హోయిట్ అదే చేశాడు. గెలవడం కోసం కొట్టుకోవడం నాకు తెలుసు. ఇది అలాంటిది కాదు. ఏదో ఒకదాన్ని నుగ్గునుగ్గు చేయాలని చూస్తున్నట్టుంది.

రేసు అయ్యాక మళ్ళీ కొట్టుకున్నారు. హోయిట్ పై పెదవి రెండుగా చీలింది, గంజి తప్ప ఏదీ తినలేకపోతున్నాడు. కార్లైల్ సంగతి రాయి.

అక్క, వెర్లీన్


హెన్రీస్ హాలో
ఆగస్టు 8

ప్రియమైన అక్కా,

కార్లైల్ సంగతి రాయమన్నావు. మోచెయ్యి తొలిగింది, సరిచేశారు. రెండు పళ్ళు పోయాయి. ఈయన కూడా రెండుసార్లు గెలిచాడు, కాబట్టి పళ్ళు పోయిన నోటితోనే నవ్వుతున్నాడు. మంగళవారం ఎవరో మా ట్రక్కు ముందద్దం కాల్చారు. సీటులో కూర్చుని ఉంటే నా తల ఉండే చోటుకు చిల్లి పడింది. ఆ పొద్దు బజారుకు పోలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. బావ పని కాదని నాకు తెలుసు. ఫోర్డ్ వాళ్ళలో ఎవరో తాగుబోతు. ఈయన మాత్రం అదే పొద్దు తూటాల కోసం ఇల్లంతా వెతికాడు. పిండి డబ్బాలో చెయ్యి పెట్టే మొగవాడు ఈ లోకంలో లేడు, బతికిపోయాం.

ఇంకో సంగతి. రేసుకు ముందు మీ కారు ట్రాక్ మీద చుట్టు తిరుగుతున్నప్పుడు ఈయన ముఖం చూశాను. గుంపులో ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్టు అటు తిరుగుతాడు. చొక్కా జేబులో ఐదు వందలు పెట్టుకుని తిరుగుతున్నాడు. "ఒకనాడు వాడి బానెట్ ఎత్తిస్తాను. ఊరందరి ముందూ ఎత్తిస్తాను" అంటాడు. అని, అక్కడే ఊరుకుంటాడు.

మీ పెద్దమ్మాయికి నెలలు నిండాయి కదా. డాన్‌విల్ ఎప్పుడు వెళ్తున్నావు?

నీ ఓపల్


డాన్‌విల్, వర్జీనియా
ఆగస్టు 22

ప్రియమైన ఓపల్,

నిన్న మనవడు పుట్టాడు. తల్లీ బిడ్డా బాగున్నారు. నెలాఖరు దాకా నేను ఇక్కడి నుంచి కదలలేను. శనివారం చివరి రేసు. హోయిట్ పక్కన నేను ఉండను కాబట్టి ఇది నీకు చెప్పక తప్పదు. చదివాక పొయ్యిలో వెయ్యి.

మేము కాల్చింది కార్లైల్ ఇంజన్ కాదు. పాత లారీ ఇంజన్ ఒకటి తెచ్చి, దానికి నారింజ రంగు నేనే వేశాను. డబ్బంతా నీ మొగుడి ఇంజన్‌కు పోసేశాక హోయిట్‌కు ఇంకొకటి కొనే దారి లేదు. మూడు రోజులు కార్లైల్ ఇంజన్‌ను చూస్తూ కూర్చుని, నాలుగో రోజు తన ఫోర్డ్‌లో ఎక్కించాడు. కారు ఏదైతే ఇంజన్ కూడా ఆ కంపెనీదే ఉండాలని గేథర్ నిబంధన, తెలుసుగా. వంటింట్లో కాగితాలు పరిచి దానికి ఫోర్డ్ ఇంజన్లకుండే నీలం రంగు పూసింది నేనే. గొలుసు, తాళం అందుకే.

ఈ ఎండాకాలమంతా కార్లైల్‌ను ఓడించింది కార్లైల్ ఇంజనే ఓపల్. ఊరంతా ఫోర్డ్ గెలిచిందని తాగి, ఒకరి బుర్ర ఒకరు పగలగొట్టుకున్నది దానికోసమే.

శనివారం కార్లైల్ ఆ ఐదు వందలు తీసి బానెట్ ఎత్తమన్నాడంటే హోయిట్ బతకడు. కార్లైల్ చంపకపోయినా యాబ్‌షర్ వాళ్ళే చంపుతారు. రెండు నెలలుగా వాళ్ళు మోస్తున్నది షెవర్లేను అని తెలిస్తే ఊరుకోరు. నీకు ఏ దారి దొరికితే ఆ దారిన ఆపు. జ్వరమని పడుకో. ట్రక్కు చెడగొట్టు. ఈ మాట మాత్రం చెప్పకు.

నీ చేతిలో నా మొగుడి ప్రాణం పెడుతున్నాను.

అక్క, వెర్లీన్


కౌంటీ ఆసుపత్రి
ఆగస్టు 30

ప్రియమైన అక్కా,

తంతి అందే ఉంటుంది. ఇద్దరూ బతికే ఉన్నారు. కుదురుగా కూర్చుని ఇది చదువు. ముందు నేను నీకు చెప్పనిది చెప్పి, ఆ తరువాత శనివారం సంగతి రాస్తాను.

ఈయనకు మొదటి నుంచీ తెలుసు. బావ కొత్త ఇంజన్‌తో వచ్చిన మొదటి శనివారమే, తాళం వేసిన బానెట్ అవతలి నుంచి విని పట్టేశాడు. ఇంటికొచ్చి ట్రక్కు మెట్టు మీద కూర్చుని, "నా దానితో నన్ను కొట్టాడే" అన్నాడు. మరి బానెట్ ఎందుకు ఎత్తించలేదంటావా? ఎత్తమని అడిగేవాడు ముందు తనది ఎత్తాలి. ఈయన షెవర్లేలో ఉన్నది మీ ఫోర్డ్ ఇంజన్.

పట్టేసిన మీ ఇంజన్‌ను బావ పాత ఇనుము కొట్లో పడేసి వచ్చాడు కదా. బావ ఇచ్చిన డబ్బుతోనే ఈయన మర్నాడు వెళ్ళి దాన్ని కొన్నాడు. నడపడానికి కాదు. ఇన్నేళ్ళూ తనను ఓడించిన ఆ ఫోర్డ్‌లో ఏముందో చూడాలని. నా వంటింటి బల్ల మీద దుప్పటి వేసి, ప్రతి ముక్కా విప్పి, వరసగా పేర్చి, రాత్రంతా కొలిచాడు. పిస్టన్ల మీద తన పిస్టన్లను చేసిన కంపెనీ పేరే ఉంది. గొట్టాలను లోపల చెక్కింది తను చెక్కించుకున్న అదే మెకానిక్కు, అదే యంత్రం మీద. వాల్వులు తెరుచుకునే లెక్కలో వెంట్రుకవాసి కూడా తేడా లేదు. నిప్పురవ్వ పంచే డబ్బా తనది వెనక ఉంటే మీది ముందు, తనది కుడివైపు తిరిగితే మీది ఎడమవైపు, అంతే. తెల్లారేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏమీ లేదే ఇందులో. నాదే ఉంది" అన్నాడు. నేను జూన్‌లో నిన్ను అడిగిన ప్రశ్నకు జవాబు నా బల్ల మీదే దొరికింది. ఆ వారం దాన్ని బాగుచేసి తన కారులో ఎక్కించాడు. నారింజ రంగు నేను పూశాను. నీ వంటింట్లో నారింజ మీద నీలం, నా వంటింట్లో నీలం మీద నారింజ.

బావ కూడా విని పట్టేశాడట. అందుకే ఇద్దరూ ముక్కు మీద గుద్దుకున్నది. ఎవరో బానెట్ ఎత్తే లోపు అవతలివాడి కారులో ఉన్న తన ఇంజన్‌ను తుక్కు చేసేయాలని. నీ ఉత్తరం చదివి, ఆపాల్సింది ఇంజన్ అడగడాన్ని కాదు, వాళ్ళు గుద్దుకోవడాన్నని నాకు తెలిసింది. ట్రక్కు చెడగొట్టాను. ఈయన పక్కింటివాళ్ళ బండికి కారు కట్టి ట్రాక్‌కు లాక్కెళ్ళాడు. నేను ఆ ట్రక్కునే బాగుచేసుకుని వెనకాలే వెళ్ళాను.

చివరి చుట్టులో నాలుగో మలుపు దగ్గర ఇద్దరూ ఒకరి మీదికి ఒకరు తిరిగారు. ఎవరూ యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయలేదు. రెండు కార్లూ ముక్కుతో లేచి, కలిసి పొర్లి, కంచె విరగ్గొట్టుకుని, జనం కూర్చునే మెట్ల ముందు వచ్చి ఆగాయి. రెండు బానెట్లూ ఊడి ఎక్కడో పడ్డాయి. మీ కారుకు నిప్పు అంటుకుంది. మంటకు నీలం రంగు పొరలు పొరలుగా లేచి కింద నారింజ కనబడింది. అప్పుడు ముందు వరసలో ఒక ముసలాయన తాపీగా, "అది షెవర్లే కదరా" అన్నాడు. మా కారులోనూ గుద్దుడుకు నారింజ పెచ్చులు లేచి కింద నీలం బయటపడింది.

బావ కిటికీలో నుంచి బయటికి దూకి మా కారు వైపు పరిగెత్తాడు. ఈయన్ను చంపడానికే వెళ్తున్నాడనుకున్నాను. బెల్టు కోసి చంకల కింద చేతులు వేసి లాగుతున్నాడు. లోపల ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. బావ ఎడమ చెయ్యి ఫ్యానులో పడింది. మూడు వేళ్ళు పోయాయి అక్కా. ఆ చేత్తోనే లాగాడు. ఈయన ముఖమంతా అద్దం పెంకులు. కళ్ళు కనిపించడం లేదు.

అప్పుడు దిగారు మెట్ల మీది నుంచి. ఫోర్డ్ వాళ్ళు అటు నుంచి, షెవర్లే వాళ్ళు ఇటు నుంచి. ఒకరితో ఒకరు కొట్టుకోవడానికి కాదు. ఈ ఇద్దరినీ. సీసాలు, జాకీ పిడులు, బెంచీ చెక్కలు. మీ యాబ్‌షర్ వాళ్ళు కూడా ఉన్నారు. పిక్కలో తూటా తగిలినాయన అందరికన్నా ముందు ఉన్నాడు.

ఇద్దరూ వీపుకు వీపు ఆనించి నిలబడ్డారు. బావ ఒంటి చేత్తో టైరు రాడ్ పట్టుకున్నాడు, అదే రాడ్. ఈయన చేతికి స్పానరు ఇచ్చాడు.

"ఎటున్నారన్నా?" అన్నాడు ఈయన.

"ఎడమ పక్క. ఎత్తుగా కొట్టు."

కొట్టాడు. ఎవరి దవడో విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"ఇప్పుడు?"

"కిందికి. మోకాలు. ఒరేయ్, అది నా మోకాలు."

నేను ట్రక్కు ఎక్కి హారన్ మీద చెయ్యి తీయకుండా గుంపులోకి తోలాను. ఒకరిద్దరికి తగిలింది, అందుకు నాకు బాధ లేదు. షెరీఫ్ గాలిలోకి కాల్పులు జరిపేసరికి ఇద్దరూ వెనక డెక్కులో పడ్డారు. గేథర్ పరిగెత్తుకుంటూ వచ్చి, ఈ జన్మలో మీ ఇద్దరూ నా ట్రాక్‌లో కనిపించకూడదు అని అరిచాడు. అక్కా, ఆ మాట ఆయన నోటి నుంచి రావాలని నేను ఎన్ని ఆదివారాలు మోకాళ్ళ మీద కూర్చున్నానో నీకు తెలియదు.

ఈయన ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను వస్తుందంటున్నారు, కట్టు ఇంకా విప్పలేదు. బావ చెయ్యి మానుతుంది, వేళ్ళు రావు. ఇద్దరిలో ఎవరూ ఇక రేసు కారు తోలరు. నువ్వు అడిగింది ఎండాకాలం దాటించమనే కదా. దాటించాను.

ఇద్దరినీ ఒకే గదిలో పెట్టారు. ఈ పొద్దున ఈయనకు కళ్ళు కనిపించవు కాబట్టి బావే పక్కన కూర్చుని గంజి తినిపిస్తున్నాడు. గుమ్మంలో నిలబడి చూసి నేను ఏడ్చాను.

"మింగు," అన్నాడు బావ. "ఒక మాట చెప్పాలిరా. నీ ఇంజన్ మంచిది. అంత నమ్మకమైనదాన్ని నేను తోలలేదు. షెవర్లేకు ఏదీ సాటి రాదు."

ఈయన మింగడం ఆపేశాడు. "నీకేం తెలుసు అన్నా? మలుపులో నుంచి అది బయటికి లాగే లాగుడు నువ్వు చూశావా? ఫోర్డే."

"షెవర్లే అంటున్నాను కదా."

"తోలినవాణ్ణి నేను. ఫోర్డ్."

బావ గంజి గిన్నె ఈయన నెత్తిన బోర్లించాడు. ఈయన మాట వినబడిన వైపు పిడికిలి విసిరాడు. కట్టు కట్టిన కళ్ళతో కూడా గురి తప్పలేదు. మీ ఆయన ముక్కు విరిగింది. నర్సు వచ్చి, వేరు వేరు గదుల్లో వేస్తానంటే ఇద్దరూ ఒక్క గొంతుతో వద్దన్నారు.

రక్తం ఆగడం లేదని నేను ఒక దుప్పటి చించాను. కంగారు పడకు, ఆసుపత్రి వాళ్ళది.

నీ ఓపల్